పదకొండు సెకన్లు

లాగ్ పుస్తకంలో నా చేతిరాతే:
ఆరు నలభై. కారియర్ పడిపోయింది. పదకొండు సెకన్లు. తనే లేచింది.
మర్నాడు ఆరు ముప్పై ఎనిమిది.
ఆ మర్నాడు ఏమీ లేదు.
ఏమీ లేని రోజే నన్ను నిద్రపోనివ్వలేదు.

చచ్చిన యంత్రం మంచిది.
చచ్చినచోటే పడుంటుంది, వెళ్ళి చూడొచ్చు.
ఇది డాక్టరు గుమ్మం ఎక్కగానే
జ్వరం దిగిపోయే పిల్లాడి బాపతు.
మీటరు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే
సూది తొణకదు, బెణకదు.

రెండు వాల్వులు మార్చాను.
కరెంటాఫీసు కుబాట్‌బెక్‌తో తగువు పడ్డాను,
తప్పు అతని లైనుది కాదని తేలాక ఇంకా గట్టిగా.
రిలే పలకల మధ్య కొత్త నోటు దూర్చి మసి తుడిచాను.
నోటు నల్లబడింది. దాంతోనే రొట్టె కొన్నాను.
గుర్రపుపాలు చిలికే కవ్వం, బాగా ఎండింది చూసి,
దాని కొసతో ఒక్కో అతుకునీ తట్టాను:
ఎవరైనా ఉన్నారా లోపల?
లేరు.

ఆ మొదటి పదకొండు సెకన్లలో ఏం పోయిందో చెప్పాలి.
ఆరింటి నుంచి జూరా కబుర్లు చదువుతుంది,
ఫోను అందని ఎగువ మేతబీళ్ళకి.
ఫలానా వాళ్ళ కోడలికి ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం.
ఫలానా ముసలాయనకి మందు వచ్చింది, గుర్రాన్ని పంపండి.
మా కిర్గిజ్‌లో రా అంటే కెల్.
రావద్దు అంటే కెల్బే.
కాదు, లేదు, వద్దు, అన్నీ మాట తోకలో ఉంటాయి మాకు.
"షెర్గాజీకి, తమ్ముడి నుంచి.
రేపు మందని తోలుకుని కనుమ మీదుగా కెల్"
అక్కడ ఆరు నలభై అయింది.

అతను వచ్చాడు.
నూట పన్నెండు గొర్రెలతో బయల్దేరి
డెబ్బై ఒకటితో.

తర్వాత ఒక రాత్రి లాగ్ పుస్తకం పక్కన
వాతావరణం రాసే పుస్తకం పెట్టి చూశాను.
మబ్బు పట్టిన రోజున తప్పు లేదు.
ఎండ కాసిన రోజునే, రోజుకో నిమిషమో రెండో ముందుకి జరుగుతూ.
మర్నాడు పెట్టె వెనక నిలబడ్డాను.
పడమటి కిటికీ ఎండ ఇనపతలుపు మీద కాస్తోంది.
పొద్దు కొండ అవతలికి జారింది.
కాసేపటికి, వినీ వినపడకుండా, టిక్.

తలుపు చల్లబడి కుంచించుకుంటే
గడియ దగ్గర స్విచ్చి నాలుక గోరంత జారుతోంది.
ఎవరిదో చెయ్యి లోపలికొస్తోందని
పాపం ట్రాన్స్‌మిటర్ తన ప్రాణం తనే తీసుకుని,
కాసేపాగి, ఎవరూ లేరని మళ్ళీ లేస్తోంది.
చెయ్యి కాపాడటానికి పెట్టిన కాపలా
నోరు నొక్కింది.

సొరుగులో సాదిర్‌బాయ్ మామ వదిలెళ్ళిన తీగ ఉంది,
రెండు కొసలా క్లిప్పులతో.
అది వేస్తే తలుపు తెరిచినా మూసినా ఒకటే.
ఆయన ఎడమచేతికి మూడే వేళ్ళు.
నేనూ వేశాను, ఒక్క సాయంత్రం, రుజువుకి,
అటువైపు ఎవరూ రాకుండా తలుపుకి అడ్డంగా కూర్చుని.
తీసేశాను. తీసినట్టు రాశాను.
నాలుకని కొంచెం వంచాను. అంతే పని.

షెర్గాజీ స్టేషనుకి వచ్చాడు. టీ తాగాడు.
నేను అంతా చెప్పాను, స్విచ్చి చూపించాను కూడా.
చాలాసేపు దాన్ని వేలితో నొక్కి వదిలాడు,
టిక్, టిక్.
"ఇంతేనా?" అన్నాడు.
ఇంతే.

జూరా ఇప్పుడు వద్దుని ముందే చదువుతుంది:
వద్దు, షెర్గాజీ, వద్దు, కనుమ దాటకు.
ఇదేం మాటతీరమ్మా అని ముసలమ్మలు నవ్వుతారట.
నవ్వనీ.

నాలుగు నెలలైంది, లాగ్‌లో మచ్చ లేదు.
అయినా పొద్దు వాలే వేళకి
నా అరచెయ్యి ఆ తలుపు మీదే ఉంటుంది.
ఇనుము చల్లబడటం తెలుస్తుంది.